తూకమునకు అందని సొమ్ములు: రాయ్‌పూరు సీమ ఆభరణ చరిత్ర

ఆభరణమునకు విలువ కట్టువారు లోకమున రెండు తెగలుగా నున్నారు. తక్కెడలో వేసి తులములు లెక్కించి, గీటురాతిపై వన్నె చూచి, తరుగు మజూరీలు కలిపి ధర చెప్పువారు మొదటి తెగ. ఆ నగను ఎవరు ధరించిరి, ఎప్పుడు ధరించిరి, ధరించి ఎవరికేమి తెలియజేయదలచిరి అని విచారించువారు రెండవ తెగ. రాయ్‌పూరు నగరమున గోల్‌బజారు సమీపమందలి సదర్‌బజారు నగల అంగళ్లలో మొదటి తెగవారిదే రాజ్యము. అయినను ఛత్తీస్‌గఢ్ మైదానమున ఇన్ని శతాబ్దులుగా స్త్రీపురుషులు ఒంటిమీద పెట్టుకొన్న సొమ్ముల చరిత్రను తూకమొక్కటే ప్రమాణముగా వెదకువానికి అందు సగమే దొరకును. గడచిన శతాబ్దమున పాశ్చాత్యదేశముల శిల్పులు కొందరు, నగకు ప్రాణము లోహపు వెల కాదనియు భావప్రకటనమే యనియు చాటి, కళాభరణమను నొక నూతన శాఖను నెలకొల్పిరి. అట్టి సిద్ధాంతమును ఏ గ్రంథమునందును వ్రాసికొనకయే ఈ సీమవారు దానిని ఎట్లు ఆచరించిరో, వారికిని నేటి కళాకారులకును భేదమెక్కడ నున్నదో చూపుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

రాయ్‌పూరునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున మహానది యొడ్డున నున్న సిర్‌పూరు, ఒకప్పటి శ్రీపురము, దక్షిణ కోసలమునకు రాజధానిగా వెలసినది. 5, 6 శతాబ్దులలో ఈ దేశము నేలిన శరభపురీయ వంశపు రాజులైన మహేంద్రాదిత్య, ప్రసన్నమాత్రుల బంగారు నాణెములను చూచినవారు వానిని టంకశాలలో పుట్టినవి యని ఒక పట్టున నమ్మజాలరు. పలుచని బంగారు రేకును వెనుకనుండి ఒత్తి, రెక్కలు చాచిన గరుత్మంతుని, ఇరుప్రక్కల శంఖచక్రములను, క్రింద పేటికాశీర్ష లిపిలో రాజు నామమును ముందువైపున ఉబ్బెత్తుగా తేల్చిన పనితనమది. వెనుకకు త్రిప్పినచో అదే బొమ్మ గుంటగా కనబడును. బరువు గ్రామున్నరకు లోపే. మన గుడులలో విగ్రహములకు తొడుగు వెండి తొడుగులను కంసాలులు మలచునట్టి రేకుపని యిది. బస్తరు నేలిన నలవంశ రాజులును ఈ పద్ధతినే అనుసరించిరి. అనగా ఈ సీమలో రాజముద్ర సయితము కంసాలి చేతిమీదుగా నగవలె వెలువడినది. పిదప ఎన్నో శతాబ్దులకు నాణెమే నగగా మారి పల్లెపడుచుల మెడల కెక్కినది.

1939లో సిర్‌పూరున బయల్పడిన బౌద్ధ కంచువిగ్రహములలో కొన్ని రాయ్‌పూరునందలి మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియమున నున్నవి. రాజ్‌నాంద్‌గావ్ సంస్థానాధిపతియైన మహంత్ ఘాసీదాస్ 1875లో స్థాపించిన ఈ మ్యూజియమునకు నేటి భవనమును 1953లో బాబూ రాజేంద్రప్రసాదు ప్రారంభించిరి. ఆ విగ్రహముల హారకేయూరములు మైనపు అచ్చులో దేహముతోపాటు పుట్టినవి. ఈ మైనపు పోతవిద్యయే ముందు మన కథలో మరల తారసిల్లును.

రాజుల సొమ్ముల నట్లుంచి పల్లెల కరుగుదము. ఛత్తీస్‌గఢీ స్త్రీ నిండుగా సింగారించుకొన్నచో ఆమె దేహమున నగలేని చోటు వెదకవలసినదే. మెడకు సుతియా, అనగా మన కంటెవంటి గట్టి వెండి కమ్మి, దాని క్రింద కాసులపేరును బోలు పుతరీ, రూపాయల దండయైన రుపియా మాల, దండచేతికి పాము చుట్టుకొన్నట్లుండు నాగమోరీ, మన నాగవత్తునకు తోబుట్టువు, ముంజేతికి మెలితిప్పిన వెండితో చేసిన అయింఠీ, నడుమునకు కరధన్, కాళ్లకు తోడా, పైరీ, లచ్ఛా, కాలివ్రేళ్లకు బిఛియా, చెవులకు ఖినవా, ముక్కునకు ఫుల్లీ. 1931లో విజయనగరము నుండి రాయ్‌పూరు వరకు రైలుమార్గము పూర్తియైన తరువాత శ్రీకాకుళ విశాఖ మండలముల నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ నగలు వింతలుగా తోచియుండవు. పేర్లు వేరైనను బంధుత్వము కానవచ్చుచునే యున్నది.

వీనిలో రుపియా మాల చరిత్ర నిలిచి చూడదగినది. 1835లో ఆంగ్ల ప్రభుత్వము దేశమంతటికి ఒకే రూపాయిని ప్రవేశపెట్టినప్పుడు దాని బరువు 180 గ్రెయినులుగా, అనగా సరిగా ఒక తులముగా నిర్ణయించి, పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి ఉంచెను. ధాన్యమమ్మి శిస్తు కట్టగా మిగిలిన రూపాయలకు పల్లెలో బ్యాంకు లేదు, మట్టి యింటికి ఇనుప బీరువా లేదు. కంసాలి ఒక్కొక్క నాణెమునకు కొక్కెము వేసి టంకము పెట్టెడివాడు. పట్టునూలు అల్లు పట్వాలు వానిని త్రాటికి కూర్చి, మెడవెనుక ముడికి కుచ్చు వ్రేలాడగట్టెడివారు. విక్టోరియా రాణి ముఖము, ఎడ్వర్డు ముఖము, జార్జి ముఖము ఒకే దండలో ప్రక్కప్రక్కన నుండెడివి. చదువురాని యిల్లాలు సయితము తన సొమ్ము ఎంతయో వ్రేళ్లమీద లెక్కపెట్టుకొనగలదు. తూకమునకు కంసాలి దయకొరకు చూడ నక్కరలేని నగ యది.

ఆ లెక్క ఎంత దూరదృష్టి గలదో 1893లో తెలిసివచ్చినది. అంతకుముందు వెండిని టంకశాలకు ఇచ్చి స్వల్ప రుసుముతో రూపాయలుగా మార్పించుకొను వీలు అందరికి నుండుటచేత, నగలోని వెండికిని చేతిలోని రూపాయికిని మారకమున భేదము స్వల్పము. ఆ యేడు జూన్ నెలలో ప్రభుత్వము ఆ ద్వారమును మూసివేసినది. రూపాయి విలువ నిలిచినది, వెండి విలువ జారినది. 1900 నాటికి రూపాయిలోని వెండి సుమారు మూడింట రెండు వంతుల విలువకు దిగెను. సరిగా ఆ దినములలోనే 1896–97, 1899–1900 కరవులు ఛత్తీస్‌గఢ్‌ను పీడించినవి. సుతియాను, తోడాను విడిపించి బజారునకు తెచ్చిన స్త్రీ, తన అత్తగారు కొన్న నాటి వెలను ఆశించి, మూడవవంతు పోగొట్టుకొని పోయినది. రూపాయల దండ తెచ్చిన యామెకు మాత్రము, టంకపు మచ్చకు కొంత వట్టము పోయినను, రూపాయి రూపాయిగానే మిగిలినది. ఏలినవారి నాణ్యమును మెడలో వేసికొనుట అలంకారమాత్రము కాదు, ఆర్థికశాస్త్రపు తీర్మానము కూడనని దీనివలన గ్రహింపనగును. 1940లో రూపాయిలోని వెండి సగమునకు తగ్గి, 1947 నాటికి నికెలు నాణెములు వచ్చిన పిమ్మట ఆ దండలకు క్రొత్త రూపాయలు చేరుట నిలిచిపోయినది.

నిల్వధనమే నగలకు పరమార్థమైనచో కథ ఇంతటితో ముగియవలసినదే. కాని ఈ సీమలో నగ మాటాడును. ఒక్కొక్కచోట శాసనమువలె మాటాడును. వితంతువునకు గాని, భర్తను విడిచిన స్త్రీకి గాని మరల వివాహము చేయుటకు ఇక్కడి పెక్కు కులములలో చూడీ యను ఆచారము కలదు. వేదమంత్రములు లేవు, ఏడడుగులు లేవు. కులపెద్దల సమక్షమున క్రొత్త భర్త తరఫున ఆమె చేతికి గాజులు తొడిగినచో వారిద్దరు భార్యాభర్తలైరి. పిడికెడు లక్కగాజులకు తక్కెడలో ఏమి వెల పలుకును? సంఘమున మాత్రము అవి ఒక సంసారమునకు పత్రము. మన దేశమున అనేక వర్ణములవారు వితంతువు గాజులు పగులగొట్టుచున్న కాలముననే ఇక్కడ గాజులే ఆమెను తిరిగి గృహిణిని చేసినవి.

బస్తరు మురియా గిరిజనుల యువతీయువకులు చేరు ఘోటుల్‌లో యువకుడు తాను మెచ్చిన కన్యకు దువ్వెనలు చెక్కి యిచ్చును. ఆమె వానిని కొప్పులో తురుముకొని తిరుగును. 1947లో వెరియర్ ఎల్విన్ మురియాలను గూర్చి ప్రకటించిన బృహద్గ్రంథమున ఈ దువ్వెనల చిత్రములు చూచినవారికి, గీతల అల్లికలో ఒక్కొక్కని చేవ్రాలు తెలియుచునే యుండును. మైదానమున దీపావళి దినములలో గవ్వలు కుట్టిన దుస్తులతో నృత్యము చేయు రౌత్‌లు, అనగా గొల్లవారు, తాము మేపు ఆవుల మెడలకు మోదుగువేరు నారతోను నెమలి ఈకలతోను అల్లిన సుహాయీ అను పట్టెను కట్టుదురు. ఆవు యజమానిది, పట్టె గొల్లనిది. ఏడాది పొడుగునా ఆ పశువును కాచిన చేయి ఎవరిదో నలుగురికి తెలుపు గుర్తు అది. యజమాని ధాన్యమో వస్త్రమో ఇచ్చి ఆ మాటకు బదులు చెప్పును.

దొంగకు దొరకని నగ పచ్చబొట్టు. దీనిని ఇక్కడ గోద్‌నా అందురు. దేవార్ కులపు స్త్రీలు మసిని నూనెతో కలిపి సూదులతో పొడిచెడివారు. మరణించినప్పుడు వెంట వచ్చు సొమ్ము ఇదొక్కటే యని పెద్దలు చెప్పుదురు. 19వ శతాబ్దపు చివర, చార్‌పారా గ్రామమున పరశురాముడను దళితుని నాయకత్వమున రామనామీ సంప్రదాయము తలయెత్తినప్పుడు, ఈ పచ్చబొట్టే ఒక మహావాక్యమైనది. గుడిలోనికి రానీయనివారికి బదులుగా వారు రామనామమును నుదుటను, చెక్కిళ్లను, ఒడలంతటను పొడిపించుకొని, అదే నామము వ్రాసిన వస్త్రమును కప్పుకొని, నెమలిపింఛముల కిరీటము ధరించిరి. దేహమే దేవళమైనప్పుడు ద్వారమున నిలుపువాడెవడు? ఆభరణమును భావప్రకటనమునకు సాధనముగా చేసికొన్నవారిలో ఇంతకుమించి సాహసించినవారిని నేనెరుగను.

వెండి ప్రియమైన కొలది పేదలు రాగి, తుత్తునాగము, నికెలు కలిసిన జర్మన్ సిల్వరునకు, వారి మాటలో గిలట్‌నకు, మరలిరి. తక్కెడ దృష్టితో ఇది పతనము. కాని చిత్రమేమనగా, లోహము మారినను రూపము మారలేదు. తిరిగి అమ్మినచో చెప్పుకోదగిన వెల రాదని తెలిసియు గిలట్ సుతియాను, గిలట్ తోడాను అదే లావున, అదే మెలికతో చేయించుకొనిరి. నిల్వధనమను ప్రయోజనము నశించిన తరువాత కూడ ఒక వస్తువు నిలిచినదనగా, దానిని నిలిపినది వేరొక శక్తి యని ఒప్పుకొనక తప్పదు.

యూరపుఖండమున ఈ విషయము శాస్త్రార్థముగా పరిణమించుటకు చాలకాలము పట్టినది. 1900 ప్రాంతమున పారిస్‌లో రెనే లాలిక్ రత్నములను ప్రక్కకు నెట్టి కొమ్మును, గాజును, మీనాపనిని నగలలో పొదిగెను. 1960 తరువాత హాలెండు దేశమున ఎమ్మీ ఫాన్ లేర్సుమ్, ఖైస్ బాకర్ దంపతులు అల్యూమినియముతో పెద్ద కంఠపట్టికలు చేసి, నగ గొప్పవారి గుర్తుగా నుండుటనే ప్రశ్నించిరి. 1980లో ఒట్టో క్యూన్‌ట్‌స్లీ అను శిల్పి నల్లని రబ్బరు కడియములో బంగారపు గుండును దాచి, దానికి ‘బంగారము కండ్లను కప్పును’ అను నర్థమిచ్చు పేరు పెట్టెను. గుండు చూడవలెనన్న కడియమును కోయవలెను; కోసినచో కళ పోయినది. తక్కెడ పట్టువానికి ఇంతకన్న చురుకైన సమాధానము లేదు.

జర్మనీయందలి మ్యూనిక్ నగరమున, పిదప ఈ క్యూన్‌ట్‌స్లీ ఆచార్యుడుగా నున్న కళాశాలయందే, 1953 నుండి 1956 వరకు శిల్పము నభ్యసించిన కలకత్తా వనిత మీరా ముఖర్జీ స్వదేశమునకు వచ్చి, తన విద్యకు మూలము వెదకుచు బస్తరు ఘడ్వాల కొలుముల చెంతకు చేరుట చరిత్రలోని సొగసైన సంఘటన. ఘడ్వాలు తరతరములుగా గోండులకు, మురియాలకు కాలికడియములు, గజ్జెలు, దేవతామూర్తులు పోతపోయు శిల్పులు. వారి పని చూడదగినది. మట్టితో లోపలి ముద్ద చేసి ఆరబెట్టుదురు. తేనెమైనమును వేడిచేసి చెక్క పిచికారిలోనుండి నొక్కినచో దారము వెలువడును. ఆ దారమును ముద్దమీద సందులేకుండ చుట్టి, జడలుగా, చుక్కలుగా, అలలుగా నగిషీ పెట్టుదురు. దానిపై మెత్తని మట్టిపూత, ఆపైన ముతకమట్టి. కాల్చినప్పుడు మైనము కరగి మాయమైన చోట కరగిన ఇత్తడి నిండును. చల్లారిన పిమ్మట అచ్చును పగులగొట్టుటచేత ఒక కడియమును పోలిన కడియము మరల పుట్టదు. కొండాగావ్ శిల్పి జయదేవ్ బఘేల్ ఈ విద్యను విదేశముల ప్రదర్శనములకు గొనిపోయెను. గిరిజనులు ఇత్తడి కడియములు మానుచుండగా ఘడ్వాలు పట్టణపు ఇండ్లలో అలమారలపై నిలుపు బొమ్మలకు మరలిరి. నేడు మరల నగలకు వచ్చినారు. రాయ్‌పూరులో ప్రభుత్వ హస్తకళల విక్రయశాలయైన శబరీ ఎంపోరియమువంటి చోట్ల ఢోక్రా యని పిలువబడు ఈ మైనపు పోతపనితో చేసి నల్లత్రాటికి కూర్చిన పతకములు, జూకాలు దొరకును. మరియొకప్రక్క మహిళా బృందములు వడ్లగింజలతో రాఖీలు చేయుచున్నవి. ధాన్యాగారమని పేరుగాంచిన సీమకు అంతకన్న తగిన రత్నమేది?

ఈ పునరుజ్జీవనమును చూచి సంతోషించుట న్యాయమే. కాని ఒక భేదమును మరువరాదు. పూర్వపు నగలో మాటాడినది ధరించిన మనిషి: చూడీ తొడిగించుకొన్న వితంతువు, దువ్వెన తురుముకొన్న కన్య, రామనామము పొడిపించుకొన్న భక్తుడు. ఘోటుల్ దువ్వెనవంటి వానియందు తప్ప చేసినవాని పేరు ఎవరికి పట్టలేదు. నేటి కళాభరణములో మాటాడునది చేసినవాడు. ధరించినవారు ఆ మాటను మోయువారు మాత్రమే. ఢోక్రా పతకము ధరించి కార్యాలయమునకు పోవు రాయ్‌పూరు యువతి తన అభిరుచిని ప్రకటించుచున్నది, అందు తప్పులేదు. అయితే ఆ పతకముపై నున్న మైనపు జడ ఒకప్పుడు ఏ కాలికి, ఏ వేడుకకు చెందినదో ఆమెకు చెప్పువారు లేనిచో, తూకమునుండి విముక్తి పొందిన నగ అర్థమునుండియు విముక్తి పొందును. అప్పుడది తక్కెడవాని దృష్టికి చౌక యిత్తడి, కళావిమర్శకుని దృష్టికి ఒక మచ్చు.

కనుక మ్యూజియములలో నగ క్రింద లోహము, జిల్లా, శతాబ్ది వ్రాయుటతో తృప్తిపడక, దానిని ఎవరు ఎవరికి ఏ సందర్భమున తొడిగిరో కూడ వ్రాయవలెను. విక్రయశాలలలో పతకముతోపాటు పోతపోసిన శిల్పి నామమును ఈయవలెను. అయింఠీకిని కకనీ యను మరియొక చేతినగకును భేదము చెప్పగల వృద్ధస్త్రీలు ఈ సీమ వారపు సంతలలో నేటికిని కానవచ్చుచున్నారు. వారి నోటి మాటను సేకరించుటకు విశేషమైన ధనము అక్కరలేదు, రచ్చబండ చెంత కూర్చుండు ఓపికయే చాలును. నూతన శిల్పులు ఆ మాటను విని నగలు చేసినచో, చేసినవాడును ధరించినవారును ఒకే వాక్యమున కర్తలగుదురు. రాయ్‌పూరునందు కళాభరణమునకు అంతకుమించిన పునాది ఏ మ్యూనిక్ నుండియు దిగుమతి చేసికొన నక్కరలేదు.