శాంతిభద్రతలు – సామాజిక న్యాయం: ఉత్తర తెలంగాణ భూసమస్యపై ప్రభుత్వ విధానం (1940–2008)

పరిపాలనా పరిభాషలో ‘శాంతి’ అనే పదం ఒంటరిగా కనిపించడం అరుదు. అది ‘భద్రత’తో కలిసి ‘శాంతిభద్రతలు’ అనే సమాసంగానే స్థిరపడింది. శాంతిభద్రతలు పోలీసు శాఖ బాధ్యతగానూ, సామాజిక న్యాయం రెవెన్యూ, సంక్షేమ శాఖల బాధ్యతగానూ భావించడం పరిపాటి అయింది. ఈ విభజన వల్ల కలిగిన నష్టానికి ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల చరిత్ర ప్రబల నిదర్శనం. అక్కడ అశాంతిని ప్రభుత్వాలు ఎదుర్కొన్న మూడు ఘట్టాలను పోల్చి చూస్తే, న్యాయాన్ని శాంతికి పునాదిగా గుర్తించిన విధానానికీ, న్యాయాన్ని వాయిదా వేసిన విధానానికీ గల అంతరం తెలుస్తుంది.

జోడేఘాట్ అనంతర విధానం

1940లో ఆసిఫాబాద్ ప్రాంతంలోని జోడేఘాట్ వద్ద కుమ్రం భీం, ఆయన అనుచరులు నిజాం పోలీసుల కాల్పులలో మరణించారు. అడవుల రిజర్వేషన్ పేరుతో గోండు, కోలాం గూడేలను ఖాళీ చేయించడం, తరతరాలుగా సాగుచేస్తున్న భూమిపై హక్కు నిరాకరించడం, అటవీ సిబ్బంది అక్రమ వసూళ్లు ఆ తిరుగుబాటుకు కారణాలు. తిరుగుబాటును ఆయుధ బలంతో అణచివేసిన ప్రభుత్వమే తరువాత దాని కారణాలను అన్వేషించడానికి పూనుకోవడం గమనార్హం. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండుల మధ్య నివసించి వారి జీవన పరిస్థితులను అధ్యయనం చేశాడు. అనంతరం గిరిజన వ్యవహారాలలో ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేశాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ ప్రారంభమైంది. గోండీ భాషలో వాచకాలు వెలువడ్డాయి. వేలాది గిరిజన కుటుంబాలకు పట్టాలు లభించాయి. 1946లో గిరిజన ప్రాంతాల పాలనకు ప్రత్యేక రెగ్యులేషన్ ఏర్పడింది.

ఈ విధానం రాచరికం ప్రసాదించినదే కాని ప్రజలు పాల్గొని రూపొందించినది కాదు. అయినప్పటికీ అశాంతికి మూలం భూమి అని పాలకులు అంగీకరించిన సందర్భంగా దానికి చారిత్రక ప్రాధాన్యం ఉంది.

చట్టం, అమలు మధ్య అంతరం

తరువాతి దశాబ్దాలలో మైదాన ప్రాంతాల నుంచి, పొరుగు రాష్ట్రమైన మహారాష్ట్ర నుంచి వలసలు పెరిగాయి. గిరిజనుల భూములు అప్పుల రూపంలో, కౌలు రూపంలో ఇతరుల చేతికి పోయాయి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించారు. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ ఆ ప్రాంతాలలో గిరిజనేతరుల పేరిట భూమి బదలాయింపును నిషేధించింది. అయితే చట్టం ఎంత కట్టుదిట్టమైనదో అమలు అంత బలహీనమైనది. 1970లలో తిరిగివచ్చిన హైమన్‌డార్ఫ్, తాను చూడగా పట్టాలు పొందిన గోండులు భూమిని కోల్పోతున్న వైనాన్ని నమోదు చేశాడు.

జగిత్యాల, ఇంద్రవెల్లి

కరీంనగర్ జిల్లాలో సమస్య స్వరూపం వేరు. అక్కడ దొరల గడీలు, వెట్టిచాకిరి, బంజరు భూముల ఆక్రమణ, వ్యవసాయ కూలీల వేతనాలు ప్రధానాంశాలు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చినా గ్రామాలలో వెట్టి పూర్తిగా తొలగలేదు. 1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్రలో వేలాది రైతుకూలీలు ఈ డిమాండ్లనే ముందుకు తెచ్చారు. అదే సంవత్సరం ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చట్టబద్ధమైన కోరికలకు సమాధానంగా రెవెన్యూ యంత్రాంగం కన్నా ముందు పోలీసు శిబిరం గ్రామానికి చేరింది.

1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం తలపెట్టిన సభకు అనుమతి నిరాకరించారు. అది సోమవారం, సంత రోజు. పట్టాల కోసం, అన్యాక్రాంతమైన భూముల కోసం తరలివచ్చిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారం మృతులు 13 మంది. పౌరహక్కుల సంఘాలు ఆ సంఖ్యను అంగీకరించలేదు. జోడేఘాట్ తరువాత నలభై ఏళ్లకు అదే జిల్లాలో, అదే కోరికకు, అదే సమాధానం లభించింది.

చర్చల ప్రయత్నం

ఆ తరువాతి రెండు దశాబ్దాలలో సాయుధ పోరాటం, ఎన్‌కౌంటర్లు, ఇన్ఫార్మర్ల పేరిట హత్యలు గ్రామజీవితాన్ని ఛిద్రం చేశాయి. 1997లో విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వాన ఏర్పడిన పౌరస్పందన వేదిక ఇరుపక్షాల హింసనూ ప్రశ్నించింది. సామాన్యుడు గౌరవంగా బతికే హక్కును చర్చకు కేంద్రంగా నిలిపింది. ఈ కృషి ఫలితంగా 2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైటు ప్రతినిధులకూ మధ్య చర్చలు జరిగాయి. భూ పంపిణీ అందులో ప్రధానాంశం. ఆయుధాలతో గ్రామాలకు రావడంపై విభేదాలు, తిరిగి మొదలైన ఎన్‌కౌంటర్ల వల్ల 2005 జనవరిలో చర్చల ప్రక్రియ తెగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో నిషేధం తిరిగి అమలులోకి వచ్చింది.

చర్చలు విఫలమైనా వాటి అజెండా పూర్తిగా అంతరించలేదు. 2004లో నియమితమైన కోనేరు రంగారావు భూకమిటీ 2006లో విస్తృతమైన సిఫారసులు చేసింది. అదే సంవత్సరం పార్లమెంటు ఆమోదించిన అటవీ హక్కుల చట్టం, అడవి బిడ్డలకు ‘చారిత్రక అన్యాయం’ జరిగిందని తన పీఠికలోనే ఒప్పుకొంది. శంకరన్, కె. బాలగోపాల్ సభ్యులుగా ఉన్న ప్రణాళికా సంఘ నిపుణుల బృందం 2008లో, తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల సమస్యను కేవలం శాంతిభద్రతల కోణంలో చూడరాదని స్పష్టం చేసింది.

ముగింపు

ఈ మూడు ఘట్టాలలోనూ ప్రజల కోరిక ఒక్కటే: సాగుచేసే భూమిపై హక్కు, చేసిన పనికి గౌరవం. ఆ కోరికను రాజ్యం ప్రతిసారీ కాల్పుల తరువాతనే విన్నది. న్యాయం ఆలస్యంగా లభించడమే కాక, లభించిన న్యాయాన్ని నిలబెట్టే యంత్రాంగం లోపించడం కూడా అశాంతికి కారణమైందని 1946 తరువాతి ఆదిలాబాద్ అనుభవం నిరూపిస్తుంది. కనుక శాంతి విధానపు సాఫల్యాన్ని తగ్గిన ఘటనల సంఖ్యతో కాక, సాగుదారు పేరు పహాణీలో నమోదై నిలిచిందా లేదా అన్న ప్రశ్నతో పరీక్షించాలి. తుపాకీ చప్పుడు వినిపించనంత మాత్రాన శాంతి నెలకొన్నట్లు కాదనే సత్యాన్ని జోడేఘాట్, ఇంద్రవెల్లి స్మారక స్తూపాలు నేటికీ గుర్తుచేస్తున్నాయి.