తక్కువ ధర రిమ్‌ఫైర్ రైఫిల్: ఇంట్లో గురి మెరుగుదల

.22 లాంగ్ రైఫిల్ తూటా వాడే చవక రైఫిల్ పనితీరును, లైసెన్సు నిబంధనలకు లోబడి, యజమానే చిన్నపాటి పనిముట్లతో మెరుగుపరచుకోవడం అమెరికా షూటర్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. సరైన తూటాను ఎంచడం, స్క్రూలను ఒకే బిగువులో ఉంచడం, బ్యారెల్ మూతిని కాపాడటం, స్కోపును గట్టిగా బిగించడం ఇందులో ముఖ్యమైన పనులు. వీటిలో ఎక్కువ ఫలితం ఇచ్చేవి ఖరీదైన విడిభాగాలు కావు. ఓపికగా కొలవడం, ఒకసారికి ఒక్క మార్పే చేయడం అసలు సూత్రాలు.

నేపథ్యం

రిమ్‌ఫైర్ తూటాలో రగిలే రసాయనం ఇత్తడి గొట్టం అడుగు అంచులో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపినప్పుడు మందు అంటుకుంటుంది. ఈ తరహాలో .22 షార్ట్ 1857లో, .22 లాంగ్ రైఫిల్ 1887లో వచ్చాయి. నలిగిన అంచు మళ్లీ పనికిరాదు కాబట్టి, పెద్ద రైఫిళ్ల వాళ్లలా ఖాళీ గొట్టంలో మందు నింపుకుని తూటాను తమ తుపాకీకి తగ్గట్టు తయారుచేసుకునే వీలు లేదు. కర్మాగారం నుంచి వచ్చిన తూటాల్లో తన రైఫిల్‌కు నప్పేది వెతుక్కోవడమే షూటర్ చేయగలిగింది.

కొలిచే పద్ధతి

గురి కుదరడం, గుళ్లు దగ్గరగా పడటం వేర్వేరు విషయాలు. స్కోపు గుండీలు తిప్పితే గుళ్ల గుంపు చోటు మారుతుంది, గుంపు మాత్రం చిన్నదవదు. ఇంటి మెరుగులన్నీ ఆ గుంపును కుదించడానికే. దాన్ని నిమిషకోణంలో, అంటే డిగ్రీలో అరవయ్యో వంతులో, కొలుస్తారు. ఒక నిమిషకోణం 50 మీటర్ల దూరంలో సుమారు 14.5 మిల్లీమీటర్లు. ఒలింపిక్ 50 మీటర్ల రైఫిల్ పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే.

రైఫిల్‌ను ముందూ వెనకా సంచులపై ఆనించి, గాలి నెమ్మదించిన వేళ అయిదేసి గుళ్ల చొప్పున కొన్ని గుంపులు కాల్చి సగటు తీయాలి. అదృష్టవశాత్తూ కుదిరిన ఒక్క మంచి గుంపును ప్రమాణంగా తీసుకుంటే తర్వాతి పోలికలన్నీ తప్పుదారి పడతాయి.

తూటాల ఎంపిక

అన్నిటికంటే ముందు చేయాల్సింది, ఎక్కువ లాభమిచ్చేది ఇదే. ప్రామాణిక వేగం తూటా సెకనుకు సుమారు 320–330 మీటర్ల వేగంతో, అధిక వేగం రకం 375 మీటర్ల ప్రాంతంలో బయల్దేరుతాయి. మామూలు వాతావరణంలో ధ్వని వేగం 340 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అధిక వేగం గుండు దారిలో ఆ హద్దును దాటి కిందికి దిగుతూ కుదుపుకు లోనవుతుంది. 100 గజాల దగ్గర పక్కగాలికి అదే ఎక్కువ జరుగుతుంది కూడా. అందుకే గురికోసం కాల్చేవారు సాధారణంగా ప్రామాణిక వేగాన్నే ఎంచుకుంటారు.

ఒక పెట్టెలోని తూటాల వేగాల్లో సెకనుకు 15 మీటర్ల తేడా ఉంటే, 50 మీటర్ల దగ్గర వేగంగా పోయే గుండుకూ నెమ్మదిగా పోయే గుండుకూ నిలువునా ఒక సెంటీమీటరు పైగా ఎడం వస్తుంది. ఈ లోపాన్ని రైఫిల్‌పై చేసే ఏ పనీ సరిదిద్దలేదు.

తూటా రకం మార్చిన వెంటనే పోలిక మొదలుపెట్టకూడదు. గుండుపై ఉండే మైనం లేదా గ్రీజు బ్యారెల్ లోపల పూతలా పరుచుకునేదాకా కొన్ని గుళ్లు కాల్చాకే కొలవాలి. ఒకే కంపెనీ, ఒకే రకం తూటాల్లోనూ ఒక్కో లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) ఒక్కోలా పనిచేస్తుంది. బర్మింగ్‌హామ్‌లోని ఈలీ వంటి తయారీదారులు పోటీ షూటర్ల రైఫిళ్లలో వేర్వేరు లాట్లను కాల్చి సరిపోల్చే ఏర్పాటు నడుపుతున్నది ఇందుకే.

స్టాక్, స్క్రూలు

చవక రైఫిల్‌కు తరచూ మెత్తని ప్లాస్టిక్ స్టాక్ (భుజానికి ఆనించే పిడి భాగం) ఉంటుంది. దాన్ని సంచిపై నొక్కితే వంగి బ్యారెల్‌ను తాకుతుంది. తూటాలు తీసేసి ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూసుకున్నాక, ఒక కాగితం ముక్కను బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య జరిపి చూడాలి. అది ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఒరుసుకుంటున్నట్టు. ఆ చోట ఇసుక కాగితంతో కొద్దికొద్దిగా రుద్దితే ఎడం వస్తుంది.

రైఫిల్ యంత్రభాగాన్ని స్టాక్‌కు పట్టి ఉంచే స్క్రూల బిగువు మారితే గుళ్లు పడే చోటు కూడా మారుతుంది. బిగువు కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్‌తో, తయారీదారు చెప్పిన హద్దులో ప్రతిసారీ ఒకే స్థాయికి బిగించాలి. యంత్రభాగం స్టాక్‌లో కదులుతుంటే ఎపాక్సీతో దానికి సరైన పడక పోస్తారు. దీన్ని బెడ్డింగ్ అంటారు. లోహానికి అంటుకోకుండా పూత రాయడం మరిస్తే రెండు భాగాలూ శాశ్వతంగా అతుక్కుపోతాయి.

బ్యారెల్ మూతి, శుభ్రత

గుండును చివరగా తాకేది బ్యారెల్ మూతి అంచు. అక్కడ చిన్న నొక్కు పడినా వెనకనుంచి తోసుకొచ్చే వాయువులు ఒకవైపు ముందుగా బయటపడి గుండును పక్కకు నెడతాయి. దూదిపుల్లను లోపలి అంచు చుట్టూ తిప్పితే, దూది పోగు తగులుకున్న చోట గరుకు ఉన్నట్టు తెలుస్తుంది. వీలైతే శుభ్రం చేసే కడ్డీని వెనకనుంచే దూర్చాలి, లేదా లాగే తాడు వాడాలి. అతిగా రుద్దనక్కర్లేదు. ఛాంబర్ ముందు వలయంలా గట్టిపడే మసిని మాత్రం వదిలేయకూడదు.

ట్రిగ్గర్, స్కోపు

బరువైన ట్రిగ్గర్ లాగేటప్పుడు రైఫిల్ కదులుతుంది. అలాగని ట్రిగ్గర్ భాగాలను ఆకురాయితో అరగదీయడం ప్రమాదకరం, కింద పడితేనే పేలే స్థితి రావచ్చు. సర్దుబాటు స్క్రూ ఉంటే తయారీదారు హద్దులోనే వాడాలి. లేదంటే పూర్తి ట్రిగ్గర్ అమరికను మార్చాలి.

పెద్ద రైఫిళ్ల స్కోపుల్లో చాలావరకు 100 గజాలకు సరిచేసి ఉంటాయి. 50 గజాల దగ్గర కన్ను కాస్త జరిగినా గురి జరిగినట్టు కనిపిస్తుంది. రిమ్‌ఫైర్ స్కోపులను 50–60 గజాలకు సరిచేయడం ఈ దోషం తగ్గించడానికే.

ఉదాహరణ: రూగర్ 10/22

1964లో వచ్చిన ఈ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఇంటి మెరుగులకు పేరుపడింది. బ్యారెల్‌ను వి-ఆకారపు దిమ్మ, రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి కాబట్టి సామాన్య పనిముట్లతోనే మార్చవచ్చు. కంపెనీయే అమ్మే బీఎక్స్ ట్రిగ్గర్ సుమారు 1.25 కిలోల లాగుడుకు విడుదలవుతుంది. యంత్రభాగాన్ని స్టాక్‌లో ఒకే స్క్రూ బిగిస్తుంది. అందుకే బ్యారెల్‌ను స్టాక్‌కు ఎక్కడా తగలకుండా పూర్తిగా గాలిలో వదలడం దీనికి ప్రతిసారీ మేలు చేయదు. కొన్ని రైఫిళ్లు ముందువైపు కాస్త ఆధారం ఉన్నప్పుడే బాగా కాలుస్తాయి. చాలా నమూనాల్లో వెనకవైపు మూసి ఉండటంతో, చాలామంది దీన్ని లాగే తాడుతోనే శుభ్రం చేస్తారు.

భద్రత, చట్టం

చాలా .22 తూటాల్లో గుండు, రగిలే రసాయనం రెండింటిలోనూ సీసం ఉంటుంది. కాల్చినా, శుభ్రం చేసినా చేతులు కడుక్కోవాలి. ఖాళీగా ట్రిగ్గర్ లాగితే కొన్ని నమూనాల్లో పిన్ ఛాంబర్ అంచుకు తగిలి దెబ్బతింటుంది, ముందుగా మాన్యువల్ చూసుకోవాలి.

అమెరికాలో రైఫిల్ బ్యారెల్‌ను 16 అంగుళాల లోపుకు కోస్తే 1934 నాటి జాతీయ తుపాకుల చట్టం పరిధిలోకి వస్తుంది. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం మరింత కఠినం. ఆయుధం కలిగి ఉండటానికే కాదు, మార్పులు, మరమ్మతులు చేయడానికీ, బ్యారెల్ కురచ చేయడానికీ లైసెన్సు కావాలి. అయినా .22 తూటాతో పోటీపడే షూటర్లు ఇక్కడా ఉన్నారు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యంతో పాటు .22తో ఆడే 50 మీటర్ల పోటీల్లోనూ తలపడ్డాడు. హైదరాబాద్‌కే చెందిన ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచింది, అందులోనూ ఇదే తూటా. మన షూటర్లకు తూటాల పరీక్ష, స్కోపు అమరిక, రాసుకున్న కొలతలు ఇక్కడా పనికొస్తాయి. స్టాక్, ట్రిగ్గర్, బ్యారెల్ జోలికి మాత్రం లైసెన్సు ఉన్న ఆయుధ నిపుణుడి దగ్గరికే వెళ్లాలి.