పొలముల పెంట – త్రాగునీరు – శాసనపు హద్దు

పైరునకు బలమిచ్చు పెంట త్రాగునీట కలిసినచో హానికరమగును. ఆ కలయికను నివారించుటకు ఏర్పడిన శాసనముల చరిత్ర, దూరపు జలములపై ఆధారపడిన చెన్నపట్టణ వాసులకు తెలియదగినది.

కౌటిల్యుని అర్థశాస్త్రము జలస్థానములయందు మలమూత్రములు విడిచినవారికి పణములలో దండనము విధించినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 277వ విభాగము, ప్రజలు వాడుకొను ఊటలను, జలాశయములను బుద్ధిపూర్వకముగా చెరచినవారికి మూడు నెలల వరకు చెరగాని, 500 రూపాయల వరకు జరిమానాగాని, రెండునూగాని నిర్ణయించినది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 279వ విభాగము ఈ పరిమితులను ఆరు నెలలకును, 5,000 రూపాయలకును పెంచినది. ఇవన్నియు నీటిని చెరచిన వ్యక్తిని వెదకి శిక్షించు శాసనములు.

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టము వేరొక మార్గము చూపినది. కాలుష్య నియంత్రణ మండలుల అనుమతి లేనిదే వ్యర్థజలమును ఏటిలోనికి విడువరాదని అది శాసించెను. తమిళనాడు మండలి 1982లో ఏర్పడెను. పాలారు ప్రాంతమున నీటిని చెరచిన తోళ్ల పరిశ్రమలపై వెల్లూరు పౌరులు వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పుచు, కాలుష్యము చేసినవారే నష్టము భరింపవలెనన్న సూత్రము దేశ న్యాయములో భాగమని ప్రకటించెను.

అయితే పరిశ్రమనుండి వెలువడు నీటిని కాలువ కొసన పట్టి పరీక్షింపవచ్చును. పొలమున చల్లిన పెంటకు అట్టి కొస లేదు. వానకు అది గట్లు దాటి వాగులలో చేరును. అందలి నత్రజని నైట్రేటుగా మారి బావులలోనికి ఇంకును.

పూర్వపు తెలుగు పల్లెలలో పేడ పెంటకుప్పలలో మాగి వేసవిలో పొలము చేరెడిది. రైతులు గొర్రెల మందలను చేలలో కట్టించెడివారు. వాన కడిగిన సారము చెరువున పూడికయై, ఎండకాలమున బండ్లమీద తిరిగి చేలకు పోయెడిది. ఊరి మేత పోషింపగల పశువుల సంఖ్యయే పెంటకు హద్దు. వేల కోళ్లను, వందల గేదెలను ఒక్కచోట చేర్చి, మేతను దూరమునుండి తెప్పించు పద్ధతి వచ్చిన పిమ్మట ఆ హద్దు చెరిగినది.

ఈ హద్దును ఐరోపా దేశములు 1991 నాటి నైట్రేటు ఆదేశము ద్వారా అంకెలలో నిలిపినవి. నైట్రేటు ముప్పుగల ప్రాంతములలో హెక్టారునకు ఏటా 170 కిలోల నత్రజనికి మించి పశువుల ఎరువు వేయరాదు. మన దేశమున త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదన్న ప్రమాణము కలదు. కేంద్ర మండలి 2020లో పాడిపశువుల శాలలకు మార్గదర్శకములు వెలువరించినది. కాని జల చట్టమున హెక్టారు లెక్క లేదు.

1983 ఏప్రిల్ ఒడంబడిక ననుసరించి చెన్నపట్టణమునకు 12 టి.ఎం.సి. కృష్ణాజలము రావలెను. 1996లో తొలిసారి పూండి చేరిన ఆ నీరు, కండలేరు మొదలు 150 కిలోమీటర్లకు పైగా తెలుగునేలపై కాలువలో ప్రవహించి వచ్చును. ఇరుగట్ల పొలముల క్షేమమును, పట్టణపు త్రాగునీటిని వేరుగా చూచుటకు వీలులేదు. హద్దు నిర్ణయించునపుడు చిన్నరైతు పెంటకుప్పను వేల కోళ్ల షెడ్డుతో సమముగా తూచుట న్యాయము కాదు. పెంటను వానకు తడవక నిలువచేయుటకును, కొరతగల చేలకు తరలించుటకును అగు వ్యయములో ఆ నీరు త్రాగు పట్టణము పాలుపంచుకొనవలెను.