అరుగుదల, పట్టు

ఈసారి రెండు మాటలు: అరుగుదల, పట్టు. మా గుడిలో గంధం తీసేది నేనే. సాన మీద చెక్క అరుగుతుంది కదా, అందుకని మొదటి మాట నాకు ముందే తెలుసు. టైరుకు కూడా ఇదే మాట వాడతారని తర్వాత నేర్చుకున్నాను. రెండో మాట ఒక వానరోజు రోడ్డు మీద నేర్చుకున్నాను.

ఉగాదికి మామిడాకులు తెస్తున్నాను. మలుపులో బండి వెనక చక్రం జారింది. మోకాలు చీరుకుపోయింది, ఆకులన్నీ రోడ్డు పాలయ్యాయి. టైరులో గాళ్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. అరగని టైరు ఎందుకు జారింది? ఆ ప్రశ్న నన్ను పాత చరిత్రలోకి తీసుకెళ్లింది.

మా తాత మలయాకు వచ్చి పెరాక్‌లో రబ్బరు తోటలో పనిచేశారు. తెల్లవారకముందే చెట్టుకు గాటు పెట్టి పాలు పట్టేవారు. ఆ చెట్టు కూడా మనలాగే వలస వచ్చిందే. 1876లో బ్రెజిల్ నుంచి విత్తనాలు లండన్ వెళ్లాయి. మరుసటి ఏడు మొక్కలు సింగపూర్‌కు వచ్చాయి, కొన్ని మా కువాలా కంగ్సార్‌లో నాటారు. కొన్నేళ్లకు డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలుకు గాలి టైరు చేశాడు. ఆ తర్వాత కార్లు వచ్చాయి, తోటలు పెరిగాయి, తోటలకు మనుషులు కావాలి. మేము ఇక్కడ ఉన్నది అందుకే.

రబ్బరు పాలు తెలుపు. మొదటి టైర్లు కూడా తెల్లగానే ఉండేవి, తొందరగా అరిగిపోయేవి. 1904లో లండన్ సిల్వర్‌టౌన్‌లో మోట్ అనే ఆయన రబ్బరులో మసి కలిపితే గట్టిపడుతుందని కనిపెట్టాడు. అవును, మసి! దీపం మీద పట్టి కాటుక చేస్తామే, దాదాపు అదే. టైరు నల్లగా ఉండేది అందుకే.

కానీ ఒక చిక్కు ఉంది. గట్టి రబ్బరు నిదానంగా అరుగుతుంది, పట్టు తక్కువ. మెత్తని రబ్బరు రోడ్డులోని చిన్న గరుకుల్లోకి దిగి పట్టుకుంటుంది, కానీ తొందరగా అయిపోతుంది. దూర ప్రయాణం చేసేవాళ్లకు రెండూ కావాలి. 1994లో మా ఉత్తర-దక్షిణ హైవే పూర్తయింది (మోటార్‌సైకిళ్లకు టోల్ లేదు, మాకు పండగే). తిన్నగా గంటలకొద్దీ నడిపితే టైరు నడుమ మాత్రమే అరిగి చదునవుతుంది. అప్పుడు మలుపులో బండి సాఫీగా వాలదు. అందుకే ఇప్పుడు చాలా టూరింగ్ టైర్లలో నడుమ గట్టి రబ్బరు, పక్కల మెత్తని రబ్బరు వేస్తారు. తడి రోడ్డు మీద పట్టు కోసం సిలికా కూడా కలుపుతారు. అది ఇసుకకు చుట్టం.

మరి నాది ఎందుకు జారింది? రబ్బరు నడవకపోయినా ముసలిదవుతుంది. గాలి, ఎండ, వేడి దాన్ని గట్టిపరుస్తాయి. నా బండి వారానికి రెండుసార్లు గుడికి వెళ్లడం తప్ప ఎక్కువ తిరగదు. అందుకే గాళ్లు ఉన్నాయి, పట్టు పోయింది. మెకానిక్ తమ్ముడు టైరు పక్కన నాలుగు అంకెలు చూపించాడు: 3211. అంటే 2011లో 32వ వారం. గోరుతో నొక్కి చూడమన్నాడు. గోరు దిగలేదు.

“అంకుల్, ఇది మీకంటే ముసలిది” అన్నాడు.

కొత్త టైరు వేయించాను. పాతదాన్ని గుడి వెనక తులసి చుట్టూ పెట్టాను, అక్కడ జారినా ఫర్వాలేదు.