కోసలరాజు కడపటి ముద్ద

పల్నాటిలో మాచర్లకు చేరువగా, నేడు నాగార్జునసాగర జలాశయపు నీటిక్రింద మునిగియున్న లోయలో, ఒకప్పుడు విజయపురి అను నగరము ఉండెను. క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకురాజులు అచ్చటినుండి పాలించిరి. 1926లో సూరపరాజు వేంకటరామయ్య అను స్థానిక ఉపాధ్యాయుడు ఆ లోయలో ఒక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేయుటతో, మరుగుపడిన ఆ నగరము మరల లోకము దృష్టికి వచ్చినది. పిమ్మట లాంగ్‌హర్స్ట్, టి. ఎన్. రామచంద్రన్ గారలును, ఆనకట్ట నిర్మాణమునకు ముందు 1954లో మొదలుపెట్టి ఆర్. సుబ్రహ్మణ్యంగారును అచ్చట త్రవ్వకములు జరిపిరి. దొరికిన శాసనములలో బోధిశ్రీ అను ఉపాసిక వేయించినది ఒకటి. వీరపురుషదత్తుని 14వ పాలన సంవత్సరమునాటి ఆ శాసనము, సింహళదేశపు స్థవిరవాద భిక్షువుల కొరకు ఆమె చైత్యగృహము కట్టించినట్లును, అచ్చటి సింహళ విహారములో బోధివృక్షమునకు గుడి నిర్మించినట్లును చెప్పుచున్నది.

ఈ శాసనమునకును స్థూలకాయమునకును సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. బరువు తగ్గింపవలెనని పూనుకొన్నవాడు ఆ పూనికను నడుమ విడువక నిలుపుకొనుట ఎట్లు? ఈ ప్రశ్నకు మనకు లభించు మిక్కిలి పాత సమాధానములలో ఒకటి ఆ స్థవిరవాదుల పాళీ గ్రంథములలోనే ఉన్నది. సంయుత్తనికాయములోని దోణపాక సుత్తము అది.

కథ చిన్నది. కోసలదేశపు రాజు ప్రసేనజిత్తు భోజనప్రియుడు. పూటకు ఒక ద్రోణము బియ్యపు అన్నము తినెడివాడట. ద్రోణమునకు పదియారు నాళులని పాళీ వ్యాఖ్యాతల లెక్క. రాజుల తిండిని గూర్చిన లెక్కలను అక్షరాల నమ్మనక్కరలేదు గాని, ఆయన మితిమీరి తినెడివాడనుట మాత్రము స్పష్టము. ఒకనాడు భోజనము చేసి, ఆయాసపడుచు, శ్రావస్తిలో బుద్ధుని దర్శనమునకు పోయెను. వ్యాఖ్యానము ప్రకారము నిద్ర ముంచుకొని వచ్చుచుండగా పండుకొనలేక, సరిగా కూర్చుండలేక అవస్థపడెనట. బుద్ధుడు ఆయనను మందలింపలేదు. ఎరుక కలిగి, తన ఆహారమునకు మితము తెలిసి తినువానికి బాధలు తగ్గుననియు, వార్ధక్యము మెల్లగా వచ్చుననియు భావము గల ఒక గాథను చెప్పెను.

ఉపదేశముతో కథ ముగిసియుండినచో దానిని నేడు జ్ఞాపకము చేసికొనవలసిన పని లేదు. మితముగా తినుమని చెప్పనివారెవరు? అసలు విశేషము ఆ తరువాత ఉన్నది. రాజు వెనుక సుదర్శనుడను బ్రాహ్మణ యువకుడు నిలిచియుండెను. ఈ గాథను కంఠస్థము చేసి, తన భోజన సమయమున చదువవలెననియు, అందులకు దినమునకు నూరు కార్షాపణముల చొప్పున ఇత్తుననియు రాజు అతనితో ఒప్పందము చేసికొనెను. ధమ్మపద వ్యాఖ్యానము మరికొన్ని వివరములు చేర్చినది. గాథను భోజనారంభమున చదువరాదు. రాజు కడపటి ముద్దను చేతికి తీసికొన్నప్పుడు చదువవలెను. విన్నంతనే రాజు ఆ ముద్దను విడిచివేయును. ఆ ముద్దలో ఎన్ని మెతుకులున్నవో లెక్కించి, మరుసటి పూట వండునప్పుడు అన్ని బియ్యపు గింజలను తగ్గింపవలెను. ఈ విధముగా క్రమక్రమముగా రాజు ఒక నాళి అన్నముతో తృప్తిపడు స్థితికి వచ్చెను. శరీరము తేలికపడిన పిమ్మట ఆయన తన అవయవములను చేతితో నిమురుకొని సంతోషించెనని సుత్తము చెప్పుచున్నది.

ఈ ఏర్పాటులో రాజు తన మనోబలమును ఎక్కడను నమ్ముకొనలేదు. రాజ్యమునేలువాడు తన చేతిని తాను ఆపుకొనలేనని ఒప్పుకొని, ఆ పనిని జీతమిచ్చి మరియొకనికి అప్పగించెను. జీతము కూడ ఆలోచింపదగినదే. బరువు తగ్గినందుకు కాక, ప్రతిదినము జ్ఞాపకము చేసినందుకు ఇచ్చునది అది. కాబట్టి ఏర్పాటు మానకుండ సాగుటలో సుదర్శనునికి స్వలాభము ఉన్నది. రాజు విసిగిన దినమున కూడ అతడు విసుగడు.

కడపటి ముద్దను ఎన్నుకొనుటలో గల తెలివిని శరీరధర్మశాస్త్రము నేడు వివరింపగలదు. ఆకలిగొన్నవానికి మొదటి ముద్దనాడు ఏ గాథయు చెవికెక్కదు. అన్నము కడుపులో చేరిన పిమ్మట జీర్ణాశయపు గోడలు సాగుటవలనను, ప్రేగులు స్రవించు కొన్ని హార్మోనులవలనను తృప్తిని తెలుపు వార్త మెదడునకు చేరును. అందులకు కొంత సమయము పట్టును. త్వరగా తినువాడు ఆ వార్త అందులోపల, అవసరము తీరిన తరువాత కూడ, మరికొన్ని ముద్దలు తినియుండును. కనుక కడపటి ముద్దను విడుచుటలో కష్టము తక్కువ. ఇక గింజలను తగ్గించుట వంటశాలలోనే జరిగిపోవుచున్నది. విస్తరిలో వడ్డించిన దానిని విడుచుటకంటె, వడ్డింపక ముందే తగ్గియుండుట తేలికయని పెండ్లిభోజనములకు పోయిన ప్రతివానికి తెలిసినదే.

ఇంకొక సంగతి. ఈ కథలో తక్కెడ లేదు. రాజు లెక్కించినది తన బరువును కాదు, తాను విడిచిన మెతుకులను. చేసిన పనిని లెక్కించెనుగాని దాని ఫలితమును లెక్కింపలేదు. ఈ భేదము చిన్నదిగా కనిపించును. కాని బరువు తగ్గింపబూనినవారిలో పలువురి ఉత్సాహము చల్లారునది సరిగా ఇక్కడనే.

కారణము శరీరములోనే ఉన్నది. ఒకడు దినమునకు 2,200 కెలోరీల శక్తిని వ్యయము చేయుచు, ఆహారమును 2,000 కెలోరీలకు తగ్గించెననుకొందము. మొదట బరువు తగ్గును. కాని తేలికైన శరీరమునకు కావలసిన శక్తియు తక్కువ. వ్యయము కూడ దిగుచు దిగుచు 2,000కు వచ్చునప్పటికి బరువు నిలిచిపోవును. అతడు ఒక్కనాడును తప్పలేదు, అయినను తక్కెడ ముల్లు కదలదు. తన పట్టుదల లోపమని అతడు భ్రమపడును. నిజమునకు అది గణితము.

గణితమునకు తోడు శరీరపు ప్రతిఘటనయు కలదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వారి సమ్మతితో, 24 వారములపాటు అర్ధాహారముతో ఉంచి పరిశీలించెను. యుద్ధములో ఆకలిపాలైన ప్రజలను మరల ఆరోగ్యవంతులను చేయు మార్గము తెలిసికొనుట ఆయన ఉద్దేశము. వారి బరువు సుమారు నాల్గవవంతు తగ్గినది. విశ్రాంతిలో శరీరము వ్యయము చేయు శక్తి అంతకంటె ఎక్కువ పాళ్లలో పడిపోయినది. వారికి పగలు రాత్రి తిండిని గూర్చిన ఆలోచనలే. కొందరు వంటల పుస్తకములు చదువుచు కూర్చుండిరట. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము లెప్టిన్ అను హార్మోనును కనుగొన్న తరువాత ఈ ఆకలి రహస్యము కొంత తెలిసినది. కొవ్వుకణములు స్రవించు ఈ హార్మోను శరీరములో నిలువయున్న కొవ్వును గూర్చి మెదడునకు తెలుపును. కొవ్వు తగ్గినచో లెప్టిన్ తగ్గును. మెదడు దానిని కరవుగా భావించి ఆకలిని పెంచును. మానవజాతి కరవులను దాటివచ్చుటకు తోడ్పడిన ఏర్పాటే స్థూలకాయునికి నేడు ఎదురునిలుచుచున్నది. మెతుకులను లెక్కించి తగ్గించినంతమాత్రమున ఈ ప్రతిఘటన పూర్తిగా తొలగదు. కాని ఒక్కసారిగా సగము తిండి మానినవాడు పడు బాధ రాజునకు లేదు. ప్రతి పూటయు మరికొంత తగ్గుచుండుటచేత ఆయన ఒకచోట నిలిచిపోవు అవకాశమును తగ్గినది.

తక్కెడ అక్కరలేదని దీని అర్థము కాదు. ఇటలీ వైద్యుడు సాంక్టోరియస్ తక్కెడకు వ్రేలాడదీసిన కుర్చీలో కూర్చుండి, తాను తినినదానిని విసర్జించినదానిని ఏండ్ల తరబడి తూచి, 1614లో గ్రంథము ప్రకటించెను. లండనులో శవపేటికల వ్యాపారియైన విలియం బాంటింగ్ 1862 ఆగస్టులో 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోలు తూగెడివాడు. వైద్యుని సలహాపై చక్కెర, రొట్టె, బంగాళాదుంపలు తగ్గించి, తరచు తూచుకొనుచు, ఏడాదిలో 46 పౌనులు తగ్గెను. 1863లో ఆయన వ్రాసి పంచిన చిన్న పుస్తకము విశేష ప్రచారము పొందినది. అమెరికాలో 1994లో నెలకొల్పిన ఒక పట్టికలో, కనీసము 13.6 కిలోలు తగ్గి ఏడాదిపాటు మరల పెరుగనివారి అలవాట్లను నమోదు చేయుచున్నారు. వారిలో అధికసంఖ్యాకులు వారమునకొకసారియైనను తూచుకొనువారే, దినమునకు గంటసేపు నడక వంటి వ్యాయామము చేయువారే. అయితే ఒకే దినములో నీరు, ఉప్పు, భోజనములను బట్టి బరువు కిలో వరకు ఎక్కువ తక్కువ కావచ్చును. పూటపూటకు తక్కెడ ఎక్కువాడు కొవ్వును కాక నీటిని తూచుచు, ఊరక సంతోషించుచు, ఊరక దుఃఖించుచు ఉండును.

మరల విజయపురికి వత్తము. స్థవిరవాద భిక్షువులకు మధ్యాహ్నము దాటిన తరువాత ఘనాహారము నిషిద్ధము. పదిమంది కలిసి నివసించి, ఒకే వేళకు తిని, ఒకే వేళకు మానుచోట, సాయంకాలము తినుటయా మానుటయా అని ఎవడును తనలో తాను పోరాడవలసిన పని లేదు. సుదర్శనుడొక్కడు రాజునకు చేసిన పనిని అచ్చట విహారమంతయు చేసినది. ఈ శ్రీపర్వత ప్రాంతముతో సంప్రదాయము ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహనరాజునకు వ్రాసినదిగా చెప్పు సుహృల్లేఖలో కూడ ఆహారమును ఔషధమువలె గ్రహింపవలెననియు, అది గర్వమునకో బలిసిపోవుటకో కాక శరీరము నిలుచుటకేననియు హితవు కలదు. ఈ లేఖ టిబెటను, చైనా భాషల అనువాదములలో మనకు దక్కినది. భారతదేశపు విద్యార్థులు దీనిని చిన్ననాటనే కంఠస్థము చేయుదురని 7వ శతాబ్దిలో వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ వ్రాసెను.

ఆనాటి పల్నాటి సామాన్యులకు ఇట్టి హితవుతో పని తక్కువ. మెట్టనేల, జొన్న పంట, ఎండలో చాకిరి. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువులు పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసినవి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీటితో వరి వచ్చినది, బియ్యపుటన్నము నిత్యభోజనమైనది. అది కోరదగిన మార్పే; ఆకలి తీరుటను ఎవరును తప్పుపట్టరాదు. అయితే అటుపిమ్మట కాయకష్టము తగ్గినది, పాలిష్ పట్టిన బియ్యము, నూనె, చక్కెర పెరిగినవి. నేడు ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడవవంతుకు పైగా అధికబరువు గలవారని జాతీయ కుటుంబారోగ్య సర్వే తెలుపుచున్నది. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో మధుమేహము, హృద్రోగముల ముప్పు హెచ్చునని మనదేశపు వైద్యులు హెచ్చరించుచున్నారు. ఎదుగు వయస్సులోని పిల్లలు మాత్రము వైద్యుని అడుగక తిండి తగ్గింపరాదు. తరగతిలో లావుపాటి పిల్లవానికి పేరుపెట్టి పిలుచుటవలన వాడు సన్నబడడు. ఆటస్థలమునకు పోవుట మానును.

నరసరావుపేటలోనో గురజాలలోనో ఒక గృహస్థు సుదర్శనునికి నూరు కార్షాపణములు ఇయ్యలేడు. ఇంట అన్నము వడ్డించు ఇల్లాలో, ప్రక్కన కూర్చుండి తిను కుమార్తెయో, సాయంకాలము నడకకు పిలుచు ఇరుగుపొరుగు మిత్రుడో ఆ పని చేయవలెను. బియ్యము కొలుచు గిద్దె ఒకటి వంటింట ఉండనే ఉన్నది.

ప్రసేనజిత్తు దీర్ఘకాలము జీవించెను. మజ్ఝిమనికాయములో బుద్ధుని కడసారి దర్శించినప్పుడు, తమ ఇద్దరికిని ఎనుబదియేండ్లని ఆయనయే చెప్పెను. ఆనాడు ఆయన వాహనముపై పోగలిగినంత దూరము పోయి, దిగి, ఖడ్గమును తలపాగను సేనాధిపతి చేతికిచ్చి, విహారపు వాకిలి వరకు నడచి పోయెను.