అమెరికా వాళ్ళ పళ్ళెంలో మన సంగటి ఎక్కడ?

1824లో అమెరికాలో వర్జీనియాకు చెందిన మేరీ రాండాల్ఫ్ అనే ఆవిడ ఒక వంటల పుస్తకం అచ్చు వేయించింది. దాని పేరు ‘ది వర్జీనియా హౌస్‌వైఫ్’. పేరులోనే గృహిణి ఉంది, నాకు అందుకే ముందు నచ్చింది. భర్తకు సర్కారు ఉద్యోగం పోయి ఆస్తులు కరిగిపోయాక, ఆవిడ రిచ్‌మండ్ ఊళ్ళో భోజనంతో సహా గదులు అద్దెకిచ్చి సంసారం ఈదింది. ఆ పుస్తకంలో ‘కరీ’ చేసే పద్ధతి ఉంది, కరీ పొడి కొట్టుకునే కొలతలూ ఉన్నాయి. పసుపు, ధనియాలు, జీలకర్ర, శొంఠి, జాజికాయ, జాపత్రి, కారం. రెండు వందల ఏళ్ళ కింద, మన మనిషి ఒక్కరు కూడా కనబడని ఊళ్ళో మన పోపులపెట్టె! ఇంగ్లీషు వాళ్ళ ఓడల మీదుగా ఆ రుచి అక్కడికి చేరింది. ఆ వంటింట్లో పొయ్యి ముందు నిలబడిన నల్లజాతి బానిస స్త్రీల పేర్లు మాత్రం పుస్తకం అట్ట మీద లేవు. వంటల చరిత్ర చదివేటప్పుడల్లా నేను ముందు వెతికేది అదే: పేరు ఎవరిది, చెయ్యి ఎవరిది అని.

ఆ పొడిలో కారం ఉందన్నాను కదా. మిరపకాయ అసలు అమెరికా ఖండానిదే. పోర్చుగీసు వాళ్ళు తెచ్చేదాకా మనకు అది తెలీదు. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించాడో రాయలవారు వర్ణిస్తారు. బి.ఏ.లో చదివినప్పుడు పట్టించుకోలేదు గానీ ఇప్పుడు చూస్తే ఆ వంటల్లో మిరపకాయ కనబడదు. టమాటా, ఉర్లగడ్డ, మన సీమ ప్రాణమైన చెనక్కాయ, అన్నీ ఆ వైపు నుంచి వచ్చినవే. అంటే వాళ్ళు సరుకు పంపారు, మనం ఊరబెట్టి వెనక్కి పంపుతున్నాం.

మన వంట అక్కడ హోటలు బల్ల ఎక్కింది 1899లో. న్యూయార్కులో షెర్రీస్ అనే పెద్ద హోటలు యజమాని లూయీ షెర్రీ, లండన్‌లోని సెసిల్ హోటలు నుంచి రంజీ స్మైల్ అనే వంటవాణ్ణి పిలిపించుకున్నాడు. కరాచీ వైపు మనిషి. తలపాగా చుట్టి, తాను యువరాజునని చెప్పుకుని తిరిగాడు. పత్రికలు ఫోటోలు వేశాయి, దొరసానులు ఎగబడ్డారు. ఆయన వంటకాల్లో మద్రాసు పేరుతో ఒక కోడికూర కూడా ఉండేదట. అప్పట్లో మన నెల్లూరు, చిత్తూరు అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి అందులో మన వాటా కూడా ఉందని నేను లెక్కేసుకుంటాను!

వంట నచ్చింది గానీ వండేవాడు నచ్చలేదు. 1917లో మన దేశం వాళ్ళు రాకుండా చట్టం చేశారు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే ఆయన కేసులో, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వం ఇవ్వబోమని అక్కడి సుప్రీంకోర్టు చెప్పేసింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ వెళ్ళింది ఆ ప్రాంతంలోనే. ఆయన భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన 1948లో అక్కడే పోయారు, మళ్ళీ ఈ దేశం చూడలేదు. ఇరవై ఐదేళ్ళు ఆయనకు చారు ఎవరు కాచిపెట్టారో ఏ జీవితచరిత్రా రాయదు.

కాలిఫోర్నియా కథ ఇంకా విచిత్రం. పొలాల్లో పనికి వెళ్ళిన పంజాబీ మగవాళ్ళకు ఇక్కణ్ణుంచి ఆడవాళ్ళను తెచ్చుకునే వీల్లేదు, తెల్లవాళ్ళను చేసుకోవడానికి చట్టం ఒప్పదు. మెక్సికో ఆడపిల్లలను పెళ్ళాడారు. ఆ అమ్మాయిలు రొట్టెలు కాల్చడం, కోడికూర చేయడం భర్తల దగ్గర నేర్చుకున్నారు. యూబా సిటీలో రసూల్ కుటుంబం 1954లో ‘ఎల్ రాంచెరో’ అని హోటలు పెట్టింది. మన రొట్టె మధ్యలో వాళ్ళ చీజు పెట్టి మడిచిన రోటీ కేసడీయా అక్కడ పేరుపడ్డ వంట. 1993 దాకా నడిచింది. ఆ రొట్టె ఒత్తిన చేతులు మెక్సికో ఆడవాళ్ళవి. ‘ఇండియన్ ఫుడ్’ అంటే మన దేశపు ఆడవాళ్ళు వండిందేనని ఎవరన్నా అంటే నాకు వీళ్ళు గుర్తొస్తారు.

1965లో చట్టం మారింది. చదువుకున్నవాళ్ళకు తలుపు తీశారు. గుంటూరు, కర్నూలు, విశాఖ, తిరుపతి మెడికల్ కాలేజీల్లో చదివిన డాక్టర్లు వరసగా వెళ్ళారు. ఈసారి వెంట భార్యలు కూడా వెళ్ళారు, అసలు చరిత్ర అక్కడ మొదలైంది. ఆ తరం వాళ్ళు ఇప్పుడు డెబ్బై, ఎనభైల్లో ఉన్నారు. సెలవుల్లో తిరుపతికి వస్తుంటారు, దొరికితే వదలకుండా అడగండి. క్రీమ్ ఆఫ్ వీట్ అనే డబ్బా రవ్వతో ఉప్మా, పాన్‌కేక్ పిండితో గులాబ్‌జామ్, చింతపండు కోసం మెక్సికో వాళ్ళ కొట్టు. ఇక్కణ్ణుంచి మోసుకుపోయిన మిక్సీ మన 230 వోల్టులది, అక్కడి కరెంటు 120. పచ్చడి నలగదు. ఆ తర్వాత మన కంపెనీలు 110 వోల్టుల మిక్సీలు చేయడం మొదలుపెట్టాయి. అమెరికా పిల్ల ఉన్న ప్రతి తల్లికీ ఇప్పుడు అది తెలిసిన విషయమే.

షికాగోలో పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు 1974లో తెరిచారు. 1977లో న్యూజెర్సీలో భగవతీ అమీన్ అనే గుజరాతీ గృహిణి చిరుతిళ్ళతో మొదలుపెట్టిన పని ఈనాడు డీప్ ఫుడ్స్ అనే పెద్ద కంపెనీ. 1980లో మన ప్రియా పచ్చళ్ళు వచ్చాయి. మధుర్ జాఫ్రీ 1973లో రాసిన పుస్తకం చూసి ఎందరో అమెరికా వాళ్ళు పప్పు తాళింపు నేర్చుకున్నారు. ఆవిడకేమో లండన్‌లో నాటకాలు చదువుకునే రోజుల్లో వాళ్ళమ్మ ఉత్తరాల్లో రాసి పంపిన వంటలే గురువు.

ఇక గుడి సంగతి. ఇది మన జిల్లా వాళ్ళం ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది. 1976లో పిట్స్‌బర్గ్‌లో శ్రీ వేంకటేశ్వరస్వామి గుడి ప్రతిష్ఠ జరిగింది. తిరుమల తిరుపతి దేవస్థానం సాయం చేసింది, శిల్పులు ఇక్కణ్ణుంచి వెళ్ళారు. మరుసటి ఏడు న్యూయార్కు ఫ్లషింగ్‌లో వినాయకుడి గుడి కుంభాభిషేకం జరిగింది. స్వామి వెళ్తే ప్రసాదం వెళ్ళకుండా ఉంటుందా? మంచు కురుస్తుంటే పులిహోర, దద్ధోజనం. పండగలకు ఆడవాళ్ళు వంతులేసుకుని గుండిగలు దించేవారు. క్రమంగా అవి క్యాంటీన్లయ్యాయి. ఫ్లషింగ్ గుడి కింద నేలమాళిగలో దోసెలు తినడానికి ఇప్పుడు న్యూయార్కు వాళ్ళు దేవుడికి దండం పెట్టకుండా కూడా వస్తారు. దక్షిణాది తిండిని చవకగా, ఉన్నది ఉన్నట్టుగా అమెరికా వాళ్ళకు పెట్టింది పెద్ద హోటళ్ళు కాదు, గుడి వంటిళ్ళు అని నా నమ్మకం.

ఎందుకంటే హోటళ్ళలో దొరికింది వేరు. 1960ల చివర నుంచి న్యూయార్కు సిక్స్త్ స్ట్రీటులో వరసగా ‘ఇండియన్’ హోటళ్ళు లేచాయి. నడిపినవాళ్ళు ఎక్కువమంది బంగ్లాదేశ్ సిల్హెట్ వాళ్ళు. బోర్డు ఇండియాది, వండేది బెంగాలీ, వడ్డించేది పంజాబీ తిండి! దేశమంతా అదే పట్టిక పాకింది: బటర్ చికెన్, నాన్, సాగ్ పనీర్, మధ్యాహ్నం బఫే. బటర్ చికెన్ మాత్రం పురాతనమైనదా? దేశ విభజనలో పెషావర్ నుంచి ఢిల్లీ వచ్చినవాళ్ళ మోతీ మహల్‌లో పుట్టిందంటారు. అది ఎవరు కనిపెట్టారని రెండు హోటళ్ళు 2024లో ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. ఆవకాయ ఎవరు కనిపెట్టారని కోర్టుకెళ్తే ఎన్ని లక్షల మంది అవ్వలు బోనెక్కాలో!

తర్వాత మన సాఫ్ట్‌వేరు పిల్లలు. 1990 చట్టంతో హెచ్‌-1బి వచ్చింది, హైదరాబాదు కాలేజీలు పిల్లల్ని తయారుచేశాయి. 2010 నుంచి 2017 లోపల అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారని లెక్క తేలింది. వాళ్ళ వెనకే బిర్యానీ హోటళ్ళు వచ్చాయి. డల్లాస్, న్యూజెర్సీ, అట్లాంటా, ఎక్కడ చూసినా బావర్చి, ప్యారడైజ్, పర్సిస్, గోదావరి. బిర్యానీయే ఎందుకంటారా? ఒక్క గిన్నెలో వంద మందికి అవుతుంది, ట్రేలలో ఇంటికి పంపొచ్చు, వంట రాని కుర్రాడి ఆదివారం గడిచిపోతుంది. గోంగూర మటన్, ఉలవచారు కూడా ఆ పట్టికల్లోకి ఎక్కాయి. అయితే అక్కడ తినేది చాలావరకు మనవాళ్ళే.

ఈ బోర్డుల వెనక కనబడని వంటిళ్ళు ఇంకొన్ని ఉన్నాయి. హెచ్‌-4 వీసా మీద భర్త వెంట వెళ్ళిన అమ్మాయిలకు పనిచేసే హక్కు లేదు. ఎం.టెక్., ఎం.సి.ఏ. చదివి ఇంట్లో కూర్చున్నారు. 2015 మేలో కొందరికి ఆ హక్కు వచ్చింది, అది కూడా భర్త గ్రీన్‌కార్డు వరసలో కొంత దూరం నడిచి ఉంటేనే. డబ్బుకు ఆశపడో, ఊరికే ఉండలేకో కూరలు, పొడులు, అరిసెలు చేసి తెలిసినవాళ్ళకు అందించినవాళ్ళున్నారు. ఇంట్లో వండి అమ్ముకోవడానికి కాలిఫోర్నియా 2018లో చట్టం చేసింది గానీ, కౌంటీ ఒప్పుకోవాలి, అనుమతి తీసుకోవాలి. రేపు తెలుగు వంట చరిత్ర ఎవరన్నా రాస్తే హోటళ్ళ యజమానుల ఫోటోలు ఉంటాయి, ఈ అమ్మాయిల పేర్లు ఉండవు. మేరీ రాండాల్ఫ్ ఇంట్లో జరిగింది వేరు, ఇది వేరు, రెంటినీ ఒక గాటన కట్టను. పేర్లు మాత్రం అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు.

ఈ నాలుగైదేళ్ళలో గాలి మారింది. 2022లో నార్త్ కరోలినా, ఆష్‌విల్‌లోని ‘చాయ్ పానీ’కి, చాట్ అమ్మే హోటలుకి, దేశంలోనే గొప్ప రెస్టారెంటుగా జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. న్యూయార్కులో ‘సెమ్మ’ అని తమిళ హోటలు ఉంది. చెఫ్ విజయ్ కుమార్‌ది మధురై వైపు పల్లెటూరు. 2022లో మిషెలిన్ స్టార్ వచ్చింది, 2025లో ఆయనకు న్యూయార్కు రాష్ట్రపు ఉత్తమ చెఫ్‌గా జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది. అక్కడ పేరుమోసిన వంట ఏమిటో తెలుసా? నత్తల వేపుడు. చిన్నప్పుడు పొలం గట్ల మీద ఏరుకుని తిన్నది, బడిలో చెప్పుకోవడానికి సిగ్గుపడ్డ తిండి.

అదే 2025 జూలై 30న మా శ్రీహరికోట నుంచి నిసార్ ఉపగ్రహం ఎగిరింది. మన ఇస్రో, వాళ్ళ నాసా కలిసి చేసింది. అమెరికా ఇంజనీర్లు వచ్చారని తెలిసి మా కాలనీలో ఆడవాళ్ళం సాయంత్రం నడకలో మాట్లాడుకున్నాం, వాళ్ళు మన ఇళ్ళకు భోజనానికి వస్తే ఏం పెడతాం అని. పనీర్ బటర్ మసాలా, జీరా రైస్, రుమాలీ రోటీ, అన్నీ అవే పేర్లు. పక్కనే పులికాట్ చెరువు. రొయ్యలు, చేపలు, మామిడికాయ వేసి నెల్లూరు చేపల పులుసు పెట్టే చేతులు మా వీధిలోనే ఆరున్నాయి. రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి వచ్చినవాళ్ళు ఇంకో పదిమంది. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. రాకెట్ కేంద్రం రాకముందు ఈ దీవి అడవిలో గడ్డలు, తేనె, చేపల మీద బతికిన యానాదుల తిండి సంగతి సరేసరి, అది మాకెవ్వరికీ తట్టను కూడా లేదు. అమెరికా వాళ్ళకు మన తిండి తెలీదని అనడం సులువే. వాళ్ళ హోటలు పట్టిక మన నోటికి కూడా కంఠతా వచ్చేసిందని ఆ సాయంత్రం అర్థమైంది.

మా పక్కింటి అక్క కూతురు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తుంది. ఆఫీసులో అందరూ తలా ఒక వంట తేవాలన్నారట. “బటర్ చికెన్ కొనుక్కుపోతాను పిన్నీ, అదైతే అందరికీ తెలుసు” అంది ఫోనులో. అలసంద వడలు చేసుకుపో అన్నాను. అలసందలు అక్కడ ప్రతి కొట్టులో ‘బ్లాక్ ఐడ్ పీస్’ అని దొరుకుతాయి. దక్షిణాది రాష్ట్రాల్లో కొత్త సంవత్సరం రోజున అన్నంతో కలిపి తింటారు కూడా. ఆఫ్రికా నుంచి బానిసలతో పాటు వెళ్ళిన గింజ అది. మన దగ్గరికీ వేల ఏళ్ళ కింద ఆఫ్రికా నుంచే వచ్చింది. పిల్ల సణుక్కుంటూనే చేసింది. పళ్ళెం ముందు మొదట ఆగింది వాళ్ళ ఆఫీసులో నైజీరియా అమ్మాయట. “ఇవి మా అకరా కదా, మా అమ్మమ్మ చేసేది” అందట. వాళ్ళూ అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ, మిరపకాయ వేసి రుబ్బి నూనెలో వేస్తారు. వాళ్ళు అల్లం, కరివేపాకు వెయ్యరట.

ఇప్పుడు ఆ అమ్మాయికి కొలతలు కావాలట. నాలుగు గంటలు నానాలి, నీళ్ళు పొయ్యకుండా కచ్చాపచ్చాగా రుబ్బాలి అని చెప్పాను. ఉప్పు ఎన్ని గ్రాములు అని అడిగిందంట. మా అక్క, నేను నిన్నటి నుంచి గుప్పిళ్ళు తూకం వేస్తున్నాం.