ముత్యాల వేటలో గుండె లెక్క

హైదరాబాద్ నగల దుకాణాల్లో బస్రా ముత్యాలకు ఇప్పటికీ ప్రత్యేకమైన గిరాకీ ఉంది. వాటిలో చాలా భాగం బహ్రెయిన్ చుట్టుపక్కల సముద్రంలోని ఆల్చిప్పల తిట్టెల నుంచి వచ్చినవే. వాటిని పైకి తెచ్చిన గజఈతగాళ్లవి మామూలు ఊపిరితిత్తులు కావన్న నమ్మకం చాలా పాతది. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా అయితే, వాళ్లలో కొందరు గంట, రెండు గంటలు నీళ్లలోనే ఉంటారని రాసేశాడు. నిజానికి ఒక మునక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. ఆ కాస్త సమయమైనా దక్కింది ఛాతీ బలం వల్ల కాదు, రక్తాన్ని పొదుపుగా తిప్పడం వల్ల. ఆ పొదుపుకు సాక్ష్యం వాళ్ల పడవల్లోని పనిముట్లలోనే ఉంది.

ఊపిరి బిగబట్టిన మనిషి దగ్గర ఆక్సిజన్ నిల్వ కొంచెమే: ఊపిరితిత్తుల్లో సుమారు ఒక లీటరు, రక్తంలో ఇంచుమించు అంతే. గుండె కుడి భాగం రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకున్న రక్తం ఎడమ భాగానికి చేరి, బృహద్ధమని గుండా ఒళ్లంతా తిరుగుతుంది. ఊపిరితిత్తుల మీదుగా సాగే ఈ దారిని 13వ శతాబ్దంలో కైరో వైద్యుడు ఇబ్న్ అల్-నఫీస్ రాసిపెట్టాడు. మొత్తం ప్రసరణను ఇంగ్లిష్ వైద్యుడు హార్వీ 1628లో నిరూపించాడు. విశ్రాంతిలో ఉన్న గుండె నిమిషానికి దాదాపు ఐదు లీటర్లు తోస్తుంది, అంటే ఒంట్లోని రక్తమంతా ఒక చుట్టు తిరిగినట్టే. నీళ్లలో మునిగినవాడి గుండె నెమ్మదిస్తుంది, కాళ్లూ చేతుల రక్తనాళాలు ముడుచుకుంటాయి, మిగిలిన ఆక్సిజన్‌లో పెద్ద వాటా మెదడుకూ గుండెకూ పోతుంది. శరీరధర్మ శాస్త్రవేత్త షోలాండర్ బృందం 1962లో ప్రచురించిన అధ్యయనంలో ఆస్ట్రేలియా ముత్యాల వేటగాళ్ల మీద దీన్ని కొలిచింది. పైకి వచ్చాకే వాళ్ల రక్తంలో లాక్టిక్ ఆమ్లం ఒక్కసారిగా పెరిగింది. మునిగి ఉన్నంతసేపూ కండరాలకు రక్తం సరిగా అందలేదనడానికి అదే గుర్తు.

ఇప్పుడు ఆనాటి బహ్రెయిన్ పడవను చూడండి. మునిగేవాడు ఘైస్, తాడు పట్టేవాడు సైబ్, పడవ నాయకుడు నఖూదా. ఘైస్ ముక్కుకు ఫితామ్ అనే చిన్న పట్టకారు బిగించుకుని, తాడుకు కట్టిన రాయి మీద పాదం ఆనించి దిగుతాడు. కిందికి ఈదే పనే లేదు. అడుగు తగలగానే రాయిని వదిలేస్తే సైబ్ దాన్ని పైకి లాగేసుకుంటాడు. మెడలో వేలాడే వలబుట్టలోకి ఆల్చిప్పలు ఏరి, ఇంక చాలనిపించగానే ఘైస్ రెండో తాడును గుంజుతాడు. సైబ్ అతన్ని లాగేస్తాడు. దిగడం రాయి పని, ఎక్కడం ఇంకొకడి చేతుల పని. సొంత కండరాలకు పని పడేది అడుగునే. తిండి సంగతీ అంతే: పొద్దున్నే నాలుగు ఖర్జూరాలు, కాఫీ; అన్నం, చేపలు చీకటి పడ్డాకే. కడుపు నిండితే రక్తం అటు మళ్లుతుందని శాస్త్రం చెప్పకముందే వాళ్లకు అనుభవం నేర్పింది.

ఇదంతా గుండె కోసం కాదు, గంటకు ఎక్కువ ఆల్చిప్పలు పడాలన్న నఖూదా ఆశ కోసమే అని ఎవరైనా అనవచ్చు. కాదనను. కానీ నీళ్లలో ఆ వేగం వచ్చేదే కండరాల ఖర్చు తగ్గించడం వల్ల, కనుక రెండూ ఒకే లెక్క. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి: ముఖానికి చన్నీళ్లు తగిలితేనే గుండె బాగా నెమ్మదిస్తుంది, వేసవిలో గల్ఫ్ నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. ఊపిరి బిగబట్టడం ఒక్కటే కొంతవరకు ఆ పని చేస్తుంది గానీ, గోరువెచ్చని నీళ్లలో శరీరం ఇచ్చే సాయం తక్కువేనన్నది ఒప్పుకోవాలి. అందుకే రాయికీ సైబ్‌కూ అంత విలువ.

అయితే ఈ పొదుపు ఒక మునకకే పరిమితం. రోజుకు ఎన్ని మునకలు, ఎన్నేళ్లు అన్నది నఖూదా అప్పు తేల్చేది. సీజనుకు ముందు అతను ఇచ్చే బయానా తీరేది కాదు, తండ్రి బాకీ కొడుకు మీద పడేది. 1920ల సంస్కరణలు ప్రతివాడికీ ఖాతా పుస్తకం ఇవ్వాలన్నాయి. జపాన్ పెంపకం ముత్యాలు, ప్రపంచ మాంద్యం కలిసి బేరాన్ని దెబ్బతీశాక బయానాలు తగ్గాయి. 1932లో బహ్రెయిన్ రాజధాని మనామాలో గజఈతగాళ్లు తిరగబడ్డారు. అదే ఏడాది అక్కడి జబల్ దుఖాన్ కొండ దగ్గర చమురు పడింది.